చిలకపచ్చ గోడ: హాలంతా వేయాలా, ఒక్క గోడకా, తలుపులకేనా?

చీర కొనేటప్పుడు చిలకపచ్చకు మనం పెద్దగా ఆలోచించం. రాణి రంగు అంచు ఉందంటే ఇంకా సంతోషం. అదే రంగు గోడకు వేద్దామంటే మాత్రం ఇంట్లో అందరికీ టెన్షన్ మొదలవుతుంది. "మరీ ఎక్కువైపోదూ?" అని ఒకరు, "రాత్రి పూట ఎలా ఉంటుందో" అని ఇంకొకరు, "క్రీమ్ వేసేస్తే గొడవే ఉండదు కదా" అని మూడోవాళ్ళు. షేడ్ కార్డు నాలుగు రోజులు చేతిలో తిప్పి తిప్పి, చివరికి ఊరంతా వేసే ఐవరీయే మనమూ వేయించేస్తాం.

ఆ నాలుగు రోజుల్లో ఉన్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. హైదరాబాద్ ఫ్లాట్లలో ఎక్కువమందికి కుదిరేది ఒక్క గోడ. అది కూడా కిటికీకి పక్కనుండే గోడ. కార్డులో మీకు నచ్చిన షేడుకన్నా ఒక మెట్టు తగ్గిన షేడు. ఇక మీ ఇల్లు అందరి ఇళ్ళలా లేకపోతే, మీ అవసరం వేరైతే ఏం చేయాలన్నదే మిగతాదంతా.

అసలు ఏ రంగు గురించి మాట్లాడుతున్నామో ఒకసారి సరిచూసుకుందాం. పసుపును మనం పసుపుపచ్చ అంటాం, ఆకు రంగును ఆకుపచ్చ అంటాం. రెండింట్లోనూ పచ్చే. ఆ రెండు పచ్చలు కలిసే చోట ఉన్న రంగు ఇది. అరటి చెట్టుకు సుడి విచ్చుకుంటున్న కొత్త ఆకును పొద్దున్నే చూడండి. ఈనె దగ్గర పసుపు, అంచుల దగ్గర ఆకుపచ్చ. ఎండ వెనకనుంచి పడితే ఆకంతా దీపం పెట్టినట్టు వెలుగుతుంది. ఆ రంగు.

ఇది అంత గట్టిగా కనబడటానికి కారణం మన కంట్లోనే ఉంది. పగటి వెలుతురులో మన కన్ను అన్నిటికన్నా చురుగ్గా పట్టుకునే కాంతి 555 నానోమీటర్ల దగ్గర ఉంటుంది. సరిగ్గా ఈ పసుపూ పచ్చా కలిసే చోటే. రోడ్డు పనివాళ్ళ జాకెట్లు ఈ వరసలోని రంగులో ఉండేది అందుకే. టీవీలో బంతి స్పష్టంగా కనబడాలని 1972లో అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య అనుమతించిన బంతి రంగు కూడా ఈ చుట్టుపక్కలదే. కాబట్టి గదిలోకి అడుగు పెట్టగానే చూపు ముందు ఆ గోడ మీదికే పోతుంది. గోడ బాగుంటే ఎంత అందంగా కనబడుతుందో, పెచ్చు లేచినా స్విచ్ బోర్డు వంకరగా ఉన్నా అంత స్పష్టంగా అదీ కనబడుతుంది.

మా ఇంట్లో జరిగింది

నిజాంపేటలో మా ఫ్లాట్ తీసుకున్న కొత్తలో హాలుకు నాలుగు వైపులా ఈ రంగే వేయించాం. షాపులో కార్డు మీద రెండు వేళ్ళ వెడల్పు ముక్క చూసి ఎంచుకున్నది. మొదటి రోజు పొద్దున్న ఇల్లంతా తోటలా ఉంది. రాత్రి ట్యూబ్‌లైట్ వేసుకుని భోజనాలకు కూర్చున్నాం. మా అత్తయ్య అన్నం కలపకుండా కాసేపు కంచంలోకి చూసి, "ఏమ్మా, అన్నం రంగు తేడాగా ఉందేంటి?" అన్నారు. అన్నం బాగానే ఉంది. తెల్లన్నం మీద నాలుగు గోడల పచ్చదనం పడుతోంది. తలెత్తి చూస్తే మా ముఖాలూ అలాగే ఉన్నాయి.

అప్పుడు అర్థమైన సంగతి ఏమిటంటే, గోడలు రంగును ఒకదాని మీదికొకటి విసురుకుంటాయి. ఎదురెదురు గోడలు రెండూ ఒకే గట్టి రంగైతే, కార్డు మీద చూసినదానికన్నా గదిలో ఆ రంగు బాగా ముదురుతుంది. నెల తిరక్కముందే ప్రైమర్ కొట్టించి మూడు గోడలను గంధం రంగుకు మార్చాం. నాలుగోది అలాగే ఉంచాం. ఇప్పుడు ఇంటికి ఎవరొచ్చినా ఆ గోడ దగ్గరే ఫొటో దిగుతారు.

ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి

అన్నిటికన్నా ముందు వెలుతురు. మన ఇళ్ళు చాలావరకు వాస్తు చూసి కట్టినవే కాబట్టి ఏ గది ఏ మూలన ఉంటుందో ఇంచుమించు తెలిసిందే. ఈశాన్యంలో పూజగది ఉంటే దానికి పొద్దుటి మెత్తటి వెలుతురు దొరుకుతుంది. ఈ రంగుకు అంతకన్నా మంచి చోటు లేదు. ఆగ్నేయంలోని వంటింటికి పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా మంచి వెలుగు ఉంటుంది, అక్కడ కూడా రంగు బాగా పలుకుతుంది. నైరుతిలోని పెద్ద బెడ్‌రూమ్ సంగతి వేరు. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం నాలుగింటికి పడమటి కిటికీలోంచి ఎండ లోపలికి దిగుతుంది. ఆ ఎర్రటి వెలుతురులో చిలకపచ్చ పసుపెక్కిపోయి, అసలే ఉడికిపోతున్న గది ఇంకా వేడిగా ఉన్నట్టు అనిపిస్తుంది. ఆ గదికి ఈ రంగు నేను చెప్పను.

ఉత్తరపు వెలుతురు రోజంతా ఇంచుమించు ఒకేలా ఉంటుంది. అందులో కొంచెం నీలం ఛాయ ఉంటుంది కాబట్టి రంగు ఆకుపచ్చ వైపు లాగుతుంది. హైదరాబాద్‌కు సంబంధించి ఇక్కడ ఒక చిన్న విషయం ఉంది. మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో మన ఊళ్ళో మిట్టమధ్యాహ్నం నిలబెట్టిన కర్రకు నీడ పడదు, సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఆ రెండు తేదీల మధ్య మధ్యాహ్నపు సూర్యుడు మనకు కొద్దిగా ఉత్తరం వైపే ఉంటాడు. కాబట్టి ఉత్తరపు బాల్కనీ ఉన్న హాల్లో జూన్‌లో చూసిన రంగు, డిసెంబరులో కొంచెం వేరుగా కనబడుతుంది.

ఇంకో సంగతి చాలామంది మర్చిపోతారు. కూకట్‌పల్లి, మియాపూర్, మణికొండ లాంటి చోట్ల పక్క అపార్ట్‌మెంట్ గోడ చెయ్యి చాపితే అందేటట్టు ఉంటుంది. మీ కిటికీలోంచి వచ్చేది ఆ గోడ మీద పడి తిరిగొచ్చే వెలుతురు. పక్కవాళ్ళు ఇటుక రంగు వేసుకున్నారనుకోండి, మీ చిలకపచ్చ బురద పట్టినట్టు కనబడుతుంది. అలాంటి గదిలో ఈ రంగు మానేయడం మంచిది, లేదంటే తలుపుకు మాత్రం వేసుకోవడం.

రాత్రి లైట్లు కూడా వెలుతురులో భాగమే. మన ఇళ్ళలో ఎక్కువగా ఉండేది 6500 కెల్విన్ తెల్ల లైటు, డబ్బా మీద కూల్ డేలైట్ అని ఉంటుంది (కెల్విన్ అంకె తగ్గేకొద్దీ లైటు పసుపుగా, పెరిగేకొద్దీ తెల్లగా, నీలంగా ఉంటుంది). దాని కింద ఈ రంగు చల్లబడి, కామెర్లు వచ్చిన ముఖంలా అయిపోతుంది. 3000 కెల్విన్ వార్మ్ వైట్ కింద పసుపు వైపు తిరిగి హాయిగా ఉంటుంది. అంత పసుపు లైటు ఇష్టం లేనివాళ్ళు 4000 తీసుకోవచ్చు. డబ్బా మీద సీఆర్‌ఐ (లైటు కింద రంగులు ఎంత అసలుగా కనబడతాయో చెప్పే అంకె, 100కి ఎంత దగ్గరైతే అంత మంచిది) 90 అని ఉన్న లైట్లు కొంచెం ఖరీదు ఎక్కువైనా, వాటి కింద ముఖాలు, కూరగాయలు, చీరలు అసలు రంగుకు దగ్గరగా కనబడతాయి. ఈ గోడ ఉన్న గదికి ఆ ఖర్చు పెట్టొచ్చు.

తర్వాత నేల. తాండూరు బండలు, షాబాద్ బండలు ఉన్న పాత ఇళ్ళు అదృష్టం చేసుకున్నవి. వాటి బూడిద, నీలి ఛాయ మీద ఈ రంగు పొలంలో గట్టు పక్కన నాటు వేసినట్టు కుదురుతుంది. ఎర్ర గచ్చు ఉన్నా బాగుంటుంది. క్రీమ్ రంగు విట్రిఫైడ్ టైల్స్‌తో ఇబ్బంది లేదు. బాగా మెరిసే తెల్ల టైల్స్ మాత్రం గోడ రంగును అద్దంలా తిప్పి చూపిస్తాయి, గదిలో రంగు రెట్టింపు అయినట్టుంటుంది. గులాబీ ఛాయ టైల్స్ మీద ఈ రంగు వేయకండి.

ఆ గదిలో ఎంతసేపు, ఏం చేస్తూ గడుపుతారన్నది మూడోది. నడిచి వెళ్ళిపోయే చోట ఎంత గట్టి రంగైనా పరవాలేదు. ఎనిమిది గంటలు కూర్చునే చోట లెక్క మారుతుంది. ఇంటినుంచి పనిచేసేవాళ్ళు బాగా గమనించాల్సినది ఒకటుంది. మీరు చూస్తూ కూర్చునే గోడ గానీ, భుజానికి దగ్గరగా ఉన్న గోడ గానీ ఈ రంగైతే, దాని ఛాయ మీ ముఖం మీద పడి వీడియో కాల్‌లో జ్వరం వచ్చినవాళ్ళలా కనబడతారు. మీ వెనక నాలుగైదు అడుగుల దూరంలో ఉంటే ఆ బాధ లేదు. డ్రెస్సింగ్ టేబుల్ ఉన్న చోట, అద్దం ఎదురుగా అసలు వద్దు. బొట్టు, లిప్‌స్టిక్ రంగు ఏదీ సరిగ్గా తెలియదు.

ఇక ఇల్లు సొంతమా అద్దెదా, గోడ పొడిగా ఉందా చెమ్మగా ఉందా అన్నవి. చెమ్మ సంగతి తేల్చుకోకుండా ఈ రంగు కొనకండి. క్రీమ్ గోడ మీద ఉప్పు ఊరి తెల్లగా పొడి రాలితే దగ్గరికెళితేగానీ తెలియదు. చిలకపచ్చ మీద అదే మరక గుమ్మంలోంచే కనబడుతుంది.

ముందు ఏ పచ్చో తేల్చుకోండి

షాపులో ఈ వరసలో పదిహేను ఇరవై ముక్కలు చూపిస్తారు. పేర్లు ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటాయి, వాటిని పట్టించుకోనక్కర్లేదు. నేను మూడు గుంపులుగా చూస్తాను.

| షేడు | ఎలా కనబడుతుంది | ఎక్కడ బాగుంటుంది | ఎక్కడ వద్దు |
|---|---|---|---|
| నిమ్మ ఛాయ (పసుపు ఎక్కువ) | ఉల్లాసంగా, ఎండలో మెరుస్తూ | ఉత్తరపు హాలు, వెలుతురు తక్కువున్న నడవా | పడమటి గదులు |
| అసలు చిలకపచ్చ | చాలా గట్టిగా, చూపు తిప్పుకోనీయదు | ఒక్క గోడ, తలుపులు, పూజగది | తెల్ల ట్యూబ్‌లైట్ ఉన్న గది, భోజనాల బల్ల పక్క గోడ |
| పెసర ఛాయ (కొంచెం బూడిద కలిసింది) | నెమ్మదిగా, పెసరట్టు పిండి రంగులో | పెద్ద విస్తీర్ణం, బెడ్‌రూమ్, టేకు సామాను ఉన్న హాలు | వెలుతురే లేని గది |

చాలామంది పెసర ఛాయను కార్డులో చూసి "ఇది డల్‌గా ఉంది" అని పక్కన పెట్టేస్తారు. చిన్న ముక్కగా చూస్తే అలాగే ఉంటుంది. పది అడుగుల గోడ మీదికి ఎక్కాక అదే నిండుగా, సరిపోయినంత పచ్చగా అనిపిస్తుంది. కార్డులో ముక్క ముద్దుగా ఉందంటే గోడ మీద అది అరుస్తుందనే నా అనుభవం. కొన్ని కార్డుల్లో ప్రతి షేడు వెనక ఎల్‌ఆర్‌వీ అని 0 నుంచి 100 లోపు ఒక అంకె వేస్తారు, అంటే ఆ రంగు ఎంత వెలుతురు తిప్పి పంపుతుందో చెప్పే లెక్క. హాలు గోడకైతే నేను 50కి పైనున్నవే చూస్తాను.

హాలు నాలుగు గోడలకూ వేస్తే

మా అనుభవం చెప్పాను కదా, అయినా ఇది ఎవరికీ పనికిరాదని అనను. హిమాయత్‌నగర్, బర్కత్‌పుర, పద్మారావునగర్ వైపు మిగిలిన పాత ఇండిపెండెంట్ ఇళ్ళలో కప్పు ఎత్తుగా ఉంటుంది. కిటికీలు పెద్దవి, రెండు వైపులా ఉంటాయి. బరువైన టేకు తలుపులు, కిటికీ రెక్కలు గోడను చాలాచోట్ల విడగొడతాయి. అలాంటి హాలుకు పెసర ఛాయ నాలుగు వైపులా వేసి, కప్పు తెల్లగా ఉంచి, ముదురు గోధుమ రంగు చెక్క సామాను పెడితే ఇంటికి నిండుదనం వస్తుంది. తొమ్మిదిన్నర అడుగుల కప్పు, ఒక్క బాల్కనీ తలుపు తప్ప వేరే వెలుతురు లేని ఫ్లాట్ హాలుకు వద్దు. హాల్లోనే భోజనాల బల్ల ఉంటే అసలే వద్దు.

ఖర్చు కూడా ఇక్కడే ఎక్కువ. నచ్చకపోతే మార్చడం ఇంకా ఖర్చు, ఎందుకంటే గట్టి రంగు మీద లేత రంగు వేయాలంటే ముందు ప్రైమర్ పడాల్సిందే.

ఒక్క గోడకు వేస్తే

నేను ఎక్కువమందికి చెప్పేది ఇదే. కానీ ఏ గోడ అన్న దగ్గరే పొరపాటు జరుగుతుంది. అందరూ టీవీ గోడకు వేయిస్తారు. టీవీ చూస్తున్నప్పుడు చుట్టూ ఇంత గట్టి రంగు ఉంటే కంటికి శ్రమ, తెర మీద రంగులు కూడా ఎర్రబారినట్టు అనిపిస్తాయి. కిటికీ ఉన్న గోడకు వేస్తే ఇంకో చిక్కు. కిటికీలోంచి వెలుగు కళ్ళల్లోకి వస్తుంటుంది, గోడ నీడలో ఉండిపోతుంది, మంచి రంగంతా నల్లబడి కనబడుతుంది. కిటికీకి పక్కనున్న గోడను తీసుకోండి. వెలుతురు దాని మీద ఏటవాలుగా పారుతుంది. కిటికీ వైపు అంచు పసుపుగా, దూరంగా వెళ్ళేకొద్దీ పచ్చగా, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ ఒక్క గోడ మీదే నాలుగైదు ఛాయలు మారుతుంటాయి. మా ఇంట్లో సోఫా వెనక గోడ అలాంటిది. మధ్యాహ్నం మూడింటికి బాల్కనీలోని తులసి కోట నీడ దాని మీద పడుతుంది. ఆ వేళకు టీ కప్పు పట్టుకుని అటు తిరిగి కూర్చోవడం మా అత్తయ్యకు అలవాటైపోయింది.

ఏటవాలు వెలుతురుకు ఒక ఖరీదు ఉంది. లప్పం సరిగ్గా పట్టించకపోతే ప్రతి ఎత్తూ పల్లం దొరికిపోతుంది. కాబట్టి ఈ గోడకు మెరుపు లేని మ్యాట్ ఫినిష్ తీసుకోండి.

మిగతా మూడు గోడలకు దూదిలాంటి తెలుపు వద్దు, తేడా మరీ కొట్టొచ్చినట్టుంటుంది. గంధం రంగు, మజ్జిగ రంగు లాంటి కొంచెం వెచ్చని లేత రంగులు సరిపోతాయి. గోడ మీద ఏం పెట్టాలన్నది చీరల దగ్గర నేర్చుకోవచ్చు. చిలకపచ్చకు రాణి, వంగపండు రంగు అంచులు మన నేతగాళ్ళు ఊరికే పెట్టలేదు, రంగుల చక్రంలో ఇవి ఎదురెదురుగా ఉంటాయి. అలాగని సోఫా మొత్తం వంగపండు రంగు చేయకండి, అంచు అంచుగానే ఉండాలి. రెండు దిండ్లు చాలు. నలుపు, వెండి కలిసిన బిద్రీ కూజా ఒకటి ఈ గోడ ముందు పెడితే దానికదే వెలుగుతుంది. చేర్యాల పటాల మీది బొమ్మలకు వెనక ఎరుపు ఉంటుంది కాబట్టి, తగిలించేటప్పుడు చుట్టూ రెండంగుళాల తెల్ల అంచు వదిలి ఫ్రేమ్ కట్టించండి. లేకపోతే ఎరుపూ పచ్చా కొట్టుకుంటాయి.

చిన్న గదికి పూర్తిగా వేస్తే

పూజగది, వాష్ ఏరియా, గుమ్మం దాటగానే ఉండే చిన్న నడవా. గట్టి రంగు కావాలని మనసు బాగా పీకుతుంటే, అసలు చిలకపచ్చను నాలుగు వైపులా వేసుకోవడానికి ఇవే చోట్లు. ఇక్కడ గంటలకొద్దీ కూర్చోం. పూజగదిలో దీపం వెలుతురు ఎలాగూ వెచ్చగానే ఉంటుంది. ఇత్తడి కుందులు, బంతిపూలు, పసుపు రాసిన గడప, మామిడాకుల తోరణం, అన్నీ ఈ రంగు చుట్టాలే. దీపం మసి ఆనే వైపు మాత్రం తుడిస్తే పోయే, కొద్దిగా మెరుపున్న శాటిన్ ఫినిష్ వేయించుకోండి.

వంటింట్లో పొయ్యి దగ్గర నూనె జిడ్డు పడుతుంది కాబట్టి అక్కడ టైల్స్ ఉండనిచ్చి, పైనున్న ఖాళీ గోడకు వేసుకోవచ్చు. నల్ల గ్రానైట్ గట్టుకు ఈ రంగు చక్కటి జోడీ. బాత్రూమ్‌కు అద్దం కారణంగా నేను చెప్పను.

తలుపులకు, అల్మరాలకు మాత్రమే వేస్తే

గోడంతా అంటే భయం, అసలు వేయకపోతే వెలితి అన్నవాళ్ళకు ఇది. క్రీమ్ గోడల మధ్య ఒక్క చిలకపచ్చ తలుపు ఇల్లంతటినీ లేపి కూర్చోబెడుతుంది. పెద్దవాళ్ళున్న ఇంట్లో దీనికి ఇంకో ఉపయోగం కూడా ఉంది. గోడకూ తలుపుకూ రంగు తేడా బాగా ఉంటే, చూపు తగ్గినవాళ్ళకు బాత్రూమ్ తలుపు ఏదో వెతుక్కోకుండా తెలుస్తుంది. మంచి టేకు తలుపు పాలిష్‌తో ఉంటే మాత్రం దాని మీద రంగు వేయకండి, తర్వాత బాధపడతారు. ఫ్లష్ డోర్లు, పాత ఇనప బీరువా, బాల్కనీ గ్రిల్, చెక్క అల్మరా చూసుకోండి.

చెక్కకూ ఇనుముకూ వేసేది ఎనామిల్. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఒకప్పుడు గట్టి పసుపు, పచ్చ రంగుల్లో సీసం కలిసిన రంగుపొడి వాడేవారు. ఇళ్ళకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం (అంటే పది లక్షల పాళ్ళలో 90) దాటకూడదని మన దేశంలో 2016లో నిబంధనలు తెచ్చారు, 2017 నవంబర్ 1 నుంచి అవి అమల్లోకి వచ్చాయి. కొత్త డబ్బా కొనేటప్పుడు దాని మీద ఆ మాట ఉందో లేదో చూడండి. అంతకన్నా పాతదైన తలుపు మీద ఎనామిల్‌ను పొడిగా గీకించకండి. తడిపి, నీళ్ళ కాగితంతో (తడిపి వాడే గరుకు కాగితం) రుద్దించి, ఆ మురికిని తుడిచి పారేయించండి. ఇంట్లో పసిపిల్లలుంటే ఆ రోజు వేరే ఇంటికి పంపేయండి.

గోడ జోలికే వెళ్ళకపోతే

అద్దె ఇంట్లో ఉన్నవాళ్ళకు చాలామంది ఓనర్లు రంగు మార్చనివ్వరు, ఒప్పుకున్నా ఖాళీ చేసేటప్పుడు మళ్ళీ క్రీమ్ వేయించి ఇవ్వమంటారు. ఆ డబ్బు పరదాల మీద పెట్టండి. పోచంపల్లి ఇకత్ గుడ్డ ఈ రంగులో దొరికితే కిటికీకి రెండు పరదాలు కుట్టించుకోండి. ఎండ పరదా గుండా వచ్చినప్పుడు గదిలో పడే వెలుతురు, గోడకు వేసిన రంగుకన్నా అందంగా ఉంటుందని నాకనిపిస్తుంది. ఇల్లు మారితే మడిచి పట్టుకుపోవచ్చు. ఏడాదిలోపు ఇల్లు అమ్మాలనో అద్దెకివ్వాలనో చూస్తున్న సొంతదారులకు కూడా ఇదే మేలు.

కప్పుకు ఈ రంగు వేయమని ఈమధ్య ఇంటీరియర్ వాళ్ళు చెబుతున్నారు. పక్కమీద పడుకుని చూసేది అదొక్కటే కాబట్టి నేను ఒప్పుకోను.

డబ్బా కొనేటప్పుడు

ఈ రంగుకు మామూలుకన్నా ఒక కోటింగ్ ఎక్కువ పడుతుంది. పెయింటర్ ఎక్కువ బిల్లు వేస్తున్నాడేమోనని అనుమానపడకండి. కింద గోడను కప్పే పని చేసేది రంగులో ఉండే టైటానియం డయాక్సైడ్ అనే తెల్లపొడి. అది ఎక్కువ వేస్తే చిలకపచ్చ వెలిసిపోయి పిస్తా రంగవుతుంది. అందుకే గట్టి షేడ్లు కలిపే బేస్‌లో (షాపులో రంగు చుక్కలు కలపడానికి తీసుకునే మూల డబ్బా) ఆ తెలుపు తక్కువ, కప్పే గుణమూ తక్కువే. ముందు లేత బూడిద రంగు లేదా ఆ షేడుకు దగ్గరగా రంగు కలిపిన ప్రైమర్ వేయిస్తే మూడో కోటింగ్‌తో పని అయిపోతుంది.

గోడలకు వేసే మంచి ఎమల్షన్ రంగు ఒక లీటరు, రెండు కోటింగ్‌లకు సుమారు వంద చదరపు అడుగులు వస్తుందనుకుని వేసిన లెక్క ఇది. మీరు కొనే డబ్బా మీద రాసిన అంకె చూసి సరిచేసుకోండి.

| పని | విస్తీర్ణం | 2 కోటింగ్‌లు | 3 కోటింగ్‌లు |
|---|---|---|---|
| 12×14 హాలు నాలుగు గోడలు, 10 అడుగుల ఎత్తు (తలుపులు, కిటికీలు తీసేసి) | 440 చ.అ. | 4.4 లీటర్లు | 6.6 లీటర్లు |
| 12 అడుగుల గోడ ఒక్కటి | 120 చ.అ. | 1.2 లీటర్లు | 1.8 లీటర్లు |
| 4×5 పూజగది | 160 చ.అ. | 1.6 లీటర్లు | 2.4 లీటర్లు |

కావాల్సినదంతా ఒకేసారి కలిపించుకోండి. తర్వాత అర లీటరు తక్కువైందని వెళ్ళి కలిపిస్తే ఒక వెంట్రుకవాసి తేడా వస్తుంది, ఈ రంగులో ఆ తేడా దాగదు. కొత్తగా ప్లాస్టరింగ్ చేసిన గోడైతే కనీసం 28 రోజులు ఆరనివ్వండి, సిమెంటులోని క్షారం రంగును పాడు చేస్తుంది. వానాకాలం పోయి గోడలు ఆరాక, దసరా దాటినప్పటి నుంచి శివరాత్రి లోపు వేయించుకుంటే మంచిది.

వారం రోజుల పరీక్ష

రెండడుగుల పొడవు, వెడల్పున్న ప్లైవుడ్ ముక్క మీద ప్రైమర్, రెండు కోటింగ్‌లు మీరే వేయండి. గోడ మీదే నేరుగా వేసి చూస్తే పాత రంగు పక్కనే ఉండి కన్ను మోసపోతుంది, పైగా ముక్కను ఇంకో చోట పెట్టి చూడటానికి వీలుండదు. తడిగా ఉన్నప్పటి రంగు చూసి కంగారు పడకండి, ఆరాక కొద్దిగా ముదురుతుంది. మా పెయింటర్ మాటల్లో, "మేడం, డబ్బాల ఒక తీరు ఉంటది, గోడకెక్కినంక ఇంకో తీరు ఉంటది."

ఆ ముక్కను అనుకున్న గోడకు ఆనించి పొద్దున్న ఏడింటికి, మధ్యాహ్నం, సాయంత్రం అయిదింటికి, రాత్రి మీరు రోజూ వేసుకునే లైటు కింద చూడండి. దాని పక్కన మీ సోఫా గుడ్డ పెట్టండి. దాని ముందు ఒక తెల్ల పళ్ళెం పట్టుకుని, పళ్ళెం మీద ఎంత పచ్చ పడుతోందో చూడండి. మీ ఇంట్లో పెద్దవాళ్ళను దాని పక్కన కూర్చోబెట్టి ఫోన్‌లో ఫొటో తీయండి. నాలుగు వేళల్లో మూడు నచ్చితే వేయించేయండి. రాత్రి ఒక్కటే నచ్చకపోతే రంగు మార్చకుండా ముందు బల్బు మార్చి చూడండి.

పని అయ్యాక మిగిలిన రంగును పారేయకండి. చిన్న గాజు సీసాలో అంచుదాకా పోసి, మూత గట్టిగా బిగించి, షేడు కోడ్, బేస్ పేరు, తేదీ రాసిన కాగితం అంటించి అటక మీద పెట్టండి. సోఫా వీపు రాసుకుని మా గోడ మీద జానెడు గీత పడితే, మొన్న దసరాకు ఆ సీసా దించి చిన్న బ్రష్‌తో నేనే దిద్దాను. ఎక్కడ దిద్దానో ఇప్పుడు వెతికినా దొరకదు.